వదిన పెట్టెలో నా కాగితాలు

ఈ సంగతి ముందే రాసి ఉండాల్సింది. జరిగినప్పుడు నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది గానీ వరసగా నాలుగు వాక్యాలు రాయడం రాలేదు. రాయడం వచ్చాక చేయి ఆడలేదు. ఎవరి గురించి రాయాలో ఆమె ఇల్లు మా వంటశాల కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఇప్పుడు రాస్తున్నాను.

నేను బడి ముఖం చూడలేదు. మా అమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ల మీదికి పోతే చిన్నవాళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఒకరుండాలి. ఆ ఒకరు నేను. దానికి ఎవరి మీదా నాకు కోపం లేదు. సముద్రం ఒడ్డున మా పాళెంలో నా ఈడు ఆడవాళ్లందరిదీ ఇదే కథ. పదో తరగతి చదివి మా పాళేనికి కోడలిగా వచ్చింది ఒక్కతే. వరసకు నాకు వదిన.

చదువు రానివాళ్ల ఇళ్లలో మా వైపు కాగితాలు ఉండవు. చదువొచ్చిన వాళ్లింట్లో ఉంటాయి. వదిన మంచం కింద ఒక నీలం ఇనప పెట్టె ఉంది. మా వీధిలో పది పన్నెండు ఇళ్ల రేషన్ కార్డులు, ఇళ్ల పట్టాలు, బ్యాంకు పుస్తకాలు, ఆసుపత్రి చీటీలు అన్నీ అందులోనే. ఏ కాగితమైనా కావాలంటే పోయి అడిగేవాళ్లం. ఆమె పెట్టె తెరిచి, వెతికి తీసి, చదివి చెప్పి, మళ్లీ లోపల పెట్టేది. తుఫాను హెచ్చరిక వచ్చి అందరం బడి బిల్డింగులోకి పోయేటప్పుడు ముందు పసిపిల్లలను తీసుకుపోయేవాళ్లం. ఆ తర్వాత ఇద్దరు మగవాళ్లు ఆ పెట్టెను మోసుకొచ్చేవాళ్లు. మాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇంట్లో పెట్టుకుంటే ఎలుకలు కొరుకుతాయి, వాన కారుతుంది, చదవలేని కాగితాన్ని ఏం చేసుకుంటాం?

కృష్ణపట్నం పోర్టు దారిలో నేను మెస్సు పెట్టి చాలా ఏళ్లయింది. మొదట లారీ డ్రైవర్లకు ఇడ్లీ, దోశ అమ్మేదాన్ని. ఆరేళ్ల కింద క్రేన్లు నడిపే ఒక కాంట్రాక్టు కంపెనీ వాళ్లు నలభై మంది పనివాళ్లకు మూడు పూటలా కేరియర్లు పంపమన్నారు. ఆ ఆర్డరు రావడానికి వదినే కారణం. ఆఫీసుకు నాతో వచ్చి, కుర్చీలో కూర్చుని, వాళ్లతో సమంగా మాట్లాడింది. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను. ఆ మేలు ఇప్పుడూ ఒప్పుకుంటాను.

కంపెనీ వాళ్లు పాన్ కార్డు కావాలన్నారు, వదిన చేయించింది. నెలనెలా బిల్లు డబ్బులు నా బ్యాంకు ఖాతాలో పడేవి. పడేముందు నూటికి ఒక రూపాయి పన్ను కింద పట్టుకునేవాళ్లు. అదేంటని ఒకసారి అడిగాను.

"అది గవర్నమెంటుదిమే. మళ్లీ రాదు," అంది వదిన. "ఇంకా పైన మనమే కట్టాల. నెల్లూరులో ఆడిటరుండాడు, నేను చూసుకుంటాలే."

ప్రతి జూలైలో ఐదు వేలు ఇచ్చేదాన్ని. పన్నుకు, ఆడిటరుకు, దారి ఖర్చులకు కలిపి. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగేది. ఒక ఏడు ఎండకు ముఖం ఎర్రబడి వచ్చింది. నేనే మజ్జిగ కలిపి ఇచ్చాను.

ఆమె చేసే పనికి కూలి ఇవ్వడం నాకు తెలియదు. ఎంతివ్వాలని అడిగేంత దూరపు మనిషి కాదు. అందుకని రోజూ పొద్దున కంపెనీ కేరియర్లు కట్టకముందే ఒక చిన్న స్టీలు డబ్బాలో ఆరు ఇడ్లీలు, పైన చట్నీ పెట్టి వాళ్లింటికి పంపేదాన్ని. ఆ డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది కాదు. గిన్నె ఒట్టిగా తిప్పి పంపకూడదని మాకు పట్టింపు. రెండు పచ్చిమిరపకాయలో, కాసింత పంచదారో, చిక్కుడుకాయలో వేసి ఇచ్చేది.

చదువు నేర్చుకోవాలని నాకు మొదటిసారి అనిపించింది నలభై దాటాక. సంతలో ఒక పలక కొనుక్కొచ్చి వదిన ముందు పెట్టాను. ఆమె పడీపడీ నవ్వింది.

"ఈ వయసులో పలకేందిమే! చూస్తే వలలో చేపలు గూడా నవ్వతాయి. నేనుండాను గదా, నీకెందుకు చదువు?"

నేనూ నవ్వాను. ఆ పలకను పిండి డబ్బా మీద మూతగా చాలాకాలం వాడాను.

రెండేళ్ల కింద మా అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెబుతానంది. మెస్సులో మూడింటికి పొయ్యి ఆరుతుంది. ఐదుగురం పోయాం. నేను మొదట నేర్చింది అంకెలు. నా బ్యాంకు ఖాతా నంబరు చూసి చూసి రాయడం, తర్వాత చూడకుండా రాయడం. ఆ తర్వాత బస్సుల మీది ఊళ్ల పేర్లు, నూనె ప్యాకెట్ల మీది మాటలు, నా పేరు. చివరికి ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా. ఈసారి వదిన నవ్వలేదు. "ఎందుకంత కష్టం," అని మాత్రం అంది. ఆమెకు నా మీద జాలి అనుకున్నాను.

పోయిన జూలైలో వదిన కూతురి కాన్పుకని చిల్లకూరు పోయింది. ఆమె పోయిన వారానికి కంపెనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆర్డరు మళ్లీ రాయాలంటే నెలాఖరులోగా ఈ ఏటి ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను వేసిన కాగితం తెచ్చివ్వాలట. లేకపోతే ఆర్డరు నాయుడుపేట వాళ్లెవరికో పోతుందట. నా మెస్సు బతికేదే ఆ నలభై కేరియర్ల మీద. వదినకు ఫోను చేశాను.

"నేనొచ్చినాక చూస్తాలే," అంది.

"ఎప్పుడొస్తావు వదినా? నెలాఖరంటండారు."

"బిడ్డ పచ్చి బాలింతమే, వదిలిపెట్టి ఎట్టొస్తా? ఒక నెల ఆలస్యమైతే ఏం గాదు."

"టీచరమ్మ దగ్గర కూర్చుని నేనే వేసుకోనా?"

అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"నువ్వు దాన్ని ముట్టుకోబాక," అంది వదిన. "ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కినావంటే జైల్లో ఏస్తారు. చెప్తండా విను."

విన్నాను. రెండు రోజులు భయపడి ఊరుకున్నాను కూడా. మూడో రోజు ఆఫీసు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. జైలు భయం కంటే కేరియర్ల భయం పెద్దదైంది.

టీచరమ్మ తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. "నేను చదవనక్కా. నువ్వే చదువు. రాని మాట అడుగు," అంది. పాన్ నంబరు కంపెనీ బిల్లు మీద ఉంది. పాస్‌వర్డ్ వదిన దగ్గరుంది. దానికీ దారుందంది టీచరమ్మ. మరిచిపోయామని నొక్కితే ఆధార్‌కు ఉన్న ఫోనుకు నంబరు వస్తుందట. గ్యాసు బుకింగు కోసం ఆధార్‌లో నా ఫోను పెట్టించుకున్నది ఆ మధ్యే. నా ఫోను మోగింది. ఆరంకెలు చదివి కొట్టాను. తలుపు తెరుచుకున్నట్టు నా పేరు పైన కనిపించింది.

నా పేరు చూసి సంతోషపడ్డాను. దాని కింద ఉన్న ఫోను నంబరు నాది కాదు, వదినది. అది తప్పనిపించలేదు. ఇన్నేళ్లు చూసింది ఆమే కదా. టీచరమ్మ పాత రిటర్నులు తెరవమంది. ఇన్నేళ్లవీ వరసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒకటే ఇంగ్లీషు మాట. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.

"రీఫండ్ అంటే ఏంది టీచరమ్మా?"

"వెనక్కి ఇచ్చింది. కంపెనీ వాళ్లు పట్టుకున్నది నీకు తిరిగి ఇచ్చేశారక్కా. నీ ఆదాయానికి పన్నే పడదు."

"నాకు రాలేదే."

"ఖాతా నంబరు చూడు."

చూశాను. చివరి నాలుగంకెలు నావి కావు. పొయ్యి దగ్గరా, బస్సులోనూ నేను వల్లెవేసిన అంకెల్లో ఒక్కటి కూడా కలవలేదు. కానీ పక్కన ఖాతాదారు పేరు నాదే ఉంది. ఏటా పది వేలకు తక్కువ కాకుండా వచ్చినట్టు ఉంది. పైన నేనిచ్చిన ఐదు వేలు. పన్నే పడకపోతే ఆ ఐదు వేలు ఎక్కడికి పోయినట్టు? ఆ రోజు ఇంకేమీ రాయకుండా లేచి వచ్చేశాను.

మరునాడు మధ్యాహ్నం ముత్తుకూరు పోయాను. నాకు తెలియని ఆ రెండో ఖాతా అక్కడి బ్యాంకులో ఉన్నట్టు కంప్యూటరులోనే చూశాను. లోపల కూర్చున్న అబ్బాయికి ఆధార్ చూపించి, నా ఖాతా లెక్క కాగితం మీద తీసివ్వమన్నాను. ఇచ్చిన ఫారం మీద నా పేరు రాశాను. అతను చూసి తల అడ్డంగా ఊపాడు.

"సంతకం కుదరదమ్మా. ఇందులో మీది వేలిముద్రే ఉంది. వేలిముద్రే వేయాలి."

నా ఖాతా నేను చూసుకోవడానికి మళ్లీ సిరాలో వేలు ముంచాను. అప్పుడు గుర్తొచ్చింది. డబ్బేమీ వేయకుండానే ఖాతా ఇస్తున్నారని, వదిన మా వీధి ఆడవాళ్లను పదిమందిని బడి దగ్గరికి తీసుకుపోయింది. వరసలో నిలబడి వేలిముద్రలు వేసి వచ్చాం. కొన్నాళ్లకు నా పేరు మీద ఒక కవరు వచ్చింది, అందులో ఒక కార్డు. ఇదేంటంటే, "గ్యాసు కార్డులే, పెట్టెలో పెడతా," అంది.

కాగితం చేతికొచ్చింది. ఏటా ఒకసారి డబ్బు పడటం, మరునాడో ఆ మరునాడో ఏటీఎంలో తీయడం. ఇంకేమీ లేదు. ఆ ఖాతా ఏడాదికి రెండు రోజులే మేలుకునేది. కార్డు ఆపేయమని చెప్పి, దానికీ వేలిముద్ర వేసి వచ్చాను.

బస్సులో కూర్చుంటే డబ్బు గుర్తు రాలేదు. ఎండకు ఎర్రబడిన ఆమె ముఖం గుర్తొచ్చింది. నేను కలిపిచ్చిన మజ్జిగ గుర్తొచ్చింది. రిటర్నుల దగ్గర ఉన్నది ఆమె ఫోను నంబరే. నెల్లూరులో ఆడిటరే లేడు. ఆమె ఎవరి సాయం లేకుండా తనే వేసుకుంది, తన ఫోనులో. అంత సులువైన పనిని ఇస్త్రీ చీరతో, బస్సు ప్రయాణంతో కొండంత చేసి నాకు చూపించింది.

ఇంట్లో మా ఆయన వల బాగు చేసుకుంటున్నాడు. చెప్పాను. సూది ఆపకుండానే, "ఆమె లేకపోతే నీకా ఆర్డరే లేదు గదా. వదిలెయ్," అన్నాడు.

"ఆర్డరు ఆమె ఇప్పించింది. వండింది నేను," అన్నాను. సూది ఆగింది.

రిటర్ను వేయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. నాలాంటి చిన్న వ్యాపారాలకు లెక్కల పుస్తకాలు అక్కర్లేని ఫారం ఒకటుంది. బ్యాంకులో ఎంత వచ్చిందో వేయాలి, అందులో మిగిలిందెంతో వేయాలి. బ్యాంకులో వచ్చినదానికి నూటికి ఆరు అయినా మిగిలినట్టు చూపించాలి, అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే వేయాలి. మొదటిరోజు నేను వచ్చిన మొత్తాన్ని తీసుకుపోయి మిగిలిందెంత అన్న గడిలో వేశాను. కింద పెద్ద పన్ను పడింది.

"అమ్మో, పడవ గూడా అమ్మాల్సిందే," అన్నాను.

టీచరమ్మ నవ్వి, "నువ్వు వేసిన గడి పైన ఏం రాసుందో చదువు," అంది. చదివాను. మిగతా ఆడవాళ్లు కూడా నా చుట్టూ చేరి చదివారు. తుడిచేసి సరిగ్గా వేశాను.

మార్చి ఆఖరున సరుకు నిల్వ ఎంతుందని ఒకచోట అడిగింది. అది మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. మా వంటశాల గోడ మీద బియ్యం బస్తా దిగినప్పుడల్లా బొగ్గుతో గీత, విప్పినప్పుడల్లా సున్నా వేయడం నా అలవాటు. నెల మారినప్పుడు అడ్డగీత. ఇంటికి పోయి గోడ చూసి లెక్కపెట్టుకొచ్చాను. మిగిలిందెంతో కూడా ఉన్నదే వేశాను. అయినా పన్ను పడలేదు. కంపెనీ పట్టుకున్నది తిరిగి రావాలని చూపించింది. ఖాతా నంబరు దగ్గర చూడకుండా నా నంబరు కొట్టాను. టీచరమ్మ దాన్ని సరిచూడటానికి కాగితం అడిగింది. అక్కర్లేదన్నాను. ఆధార్ నంబరుతో ఒప్పుకున్నట్టు నొక్కాక, పూర్తయిందని వచ్చింది. అచ్చు తీసుకుపోయి ఆఫీసులో ఇచ్చాను. ఆర్డరు రాశారు. సంతకం చేయమంటే కుర్చీలో కూర్చుని చేశాను.

వదిన ఆగస్టులో వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఆటో దిగి, సంచులు ఇంట్లో పెట్టి నేరుగా మా మెస్సుకే వచ్చింది. ఫోనులో మనవరాలి ఫొటో చూపించింది.

"నా ముక్కే వచ్చిందిమే, చూడు."

చూశాను. నిజంగానే ఆమె ముక్కే. "నీ పోలికే వదినా," అని చెప్పి, బ్యాంకు కాగితం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"ఎవురు చదివి చెప్పినారు నీకు?"

ఆమె అడిగిన మొదటి మాట అది.

"నేనే చదివినా."

"నువ్వా?"

నేను కాగితం తీసుకుని ఒక్కో వరసా పైకి చదివాను. పడిన డబ్బు, తీసిన డబ్బు. గట్టిగానే చదివాను. ఇంగ్లీషు అక్షరాల దగ్గర తడబడ్డాను గానీ ఆగలేదు. ఆమె బల్ల మీద కూర్చుంది.

"ఇరవై ఏళ్లుమే," అంది. "ఇరవై ఏళ్లు మీ అందరి కాగితాలు మోసినా. ఆఫీసుల కాడ ఎండలో నిలబడినా. ఒక్కరన్నా కూలి ఇచ్చినారా?"

"రోజూ ఇడ్లీలు పెట్నా."

"ఇడ్లీలతో బతుకుతారా ఎవురన్నా?"

"అడిగుంటే ఇచ్చేదాన్ని గదా వదినా. ఎంతడిగితే అంత."

"అడిగితే ఇచ్చేది దానం. నేనెందుకడగాల? ఆ ఆర్డరు ఎవురిప్పించినారు? నాలుగు మాటలు మాట్లాడను గూడా రాదే నీకు ఆ పొద్దు!"

"రాదు. అందుకే నిన్ను పిలిచినా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను, ఏడవడం లేదు. నేను అడగాల్సింది ఇంకొకటుంది. అన్నిరోజులూ గొంతులో పెట్టుకున్నది అదే.

"నేను పలక తెచ్చుకున్నా గదా, గుర్తుండాదా? నేనుండాను గదా, నీకెందుకు చదువన్నావే. అదీ దీనికేనా?"

వదిన చేతిలోని ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"అప్పుడు గాదు," అంది. "అప్పుడు ఊరికే అన్నా."

ఆ మాట నిజమో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేదు. అబద్ధమైతే, నేను నలభై దాటిన నాటినుంచే ఆమె నన్ను గుడ్డిదానిగా ఉంచింది. నిజమైతే, ఊరికే అన్న ఒక్క మాటకు నేను అన్నేళ్లు పలకను పిండి డబ్బా మీద పెట్టాను. రెండింటిలో ఏది తేలికో నాకు తెలియదు.

"పోలీసులకు చెప్తావా?" అని అడిగింది లేస్తూ.

"వేలిముద్ర నాదే గదా, ఏమని చెప్పేది?" అన్నాను.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే ఇడ్లీలు దించాను. కంపెనీ కేరియర్లు కట్టకముందు చేయి దానంతటదే ఆ చిన్న డబ్బా మీదికి పోయింది. ఆరు ఇడ్లీలు పెట్టి, చట్నీ వేసి, మూత పెట్టాను. ఆరోజు ఎవరితోనూ పంపలేదు. నేనే తీసుకుపోయాను.

వదిన వాకిట్లో ముగ్గు వేస్తోంది. డబ్బా అరుగు మీద పెట్టి, నా కాగితాలు ఇమ్మన్నాను. ఆమె లోపలికి పోయి మంచం కింద నుంచి పెట్టె లాగి, మూత తెరిచి పక్కకు జరిగింది. "ఏరుకో," అంది.

నేను కింద కూర్చుని ఒక్కొక్కటే తీసి పైన రాసున్న పేరు చదివాను. మా ఎదురింటి ఆమెది. మా ఆడబిడ్డది. మూడో ఇంట్లో ముసలమ్మది. వాళ్లవి వాళ్ల చోటే పెట్టేశాను. నావి పద్నాలుగు కాగితాలు, ఒక కార్డు. తువ్వాలులో చుట్టుకున్నాను. నాతోపాటు వరసలో వేలిముద్ర వేసిన మిగతా ఆడవాళ్లకు ఏం చెప్పాలో దారిలోనే అనుకోవచ్చని లేచాను. మధ్యాహ్నం ఎటూ అందరం టీచరమ్మ దగ్గర కలుస్తాం.

గడప దాటబోతూ, "డబ్బా ఇయ్యి వదినా," అన్నాను.

ఆమె ఇడ్లీలు పళ్లెంలో వేసుకుని డబ్బా తోమి తెచ్చింది. వంటింటి వైపు ఒకసారి తిరిగింది, పచ్చిమిరపకాయల బుట్ట అక్కడే ఉంటుంది. నేను చేయి చాచే ఉన్నాను. ఖాళీ డబ్బానే తీసుకుని వచ్చి కేరియర్లు కట్టాను.